నాన్న కట్టిన తాడు

నిన్న విశాఖపట్నం నుంచి ఒక కాలేజీ వాళ్ళు ఫోన్ చేసి, వచ్చే వారం ప్రసంగానికి రమ్మని పిలిచి, మీ నాన్న మిమ్మల్ని గుంజకు కట్టేసిన సంగతి మాత్రం తప్పకుండా చెప్పాలి మేడమ్ అన్నారు. సరేనన్నాను. ఇన్నేళ్ళుగా అందరికీ సరేనంటూనే ఉన్నాను.

మా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మా కొండ దిగి అరకు సంతకు పోవాలంటే కాలిబాటే గతి. పోలియో వచ్చి చిన్నప్పుడే నా రెండు కాళ్ళూ చచ్చుపడ్డాయి. నాన్న కావడి ఒక బుట్టలో నన్ను, రెండో బుట్టలో చింతపండు పెట్టుకుని దిగేవాడు. నేను జారిపోకుండా నడుముకు తాడు చుట్టి బుట్టకు కట్టేవాడు. తిరిగి వచ్చేటప్పుడు చింతపండు ఉండదు కనక, కావడి ఒరగకుండా ఆ బుట్టలో ఒక రాయి పెట్టేవాడు. నేను పెరిగేకొద్దీ రాయీ పెరిగేది. నా కోసం రాళ్ళు కూడా మోసిన మనిషి ఆయన. ఇల్లు చేరాక ఆ రాయిని కూర్చున్నచోటి నుంచే విసిరేదాన్ని, అది దూరం పోతే నాన్న మురిసిపోయేవాడు. ఆశ్రమ పాఠశాలలో ఇనుపగుండు చేతికిచ్చినప్పుడు నాకేమీ కొత్తనిపించలేదు. కుర్చీలో కూర్చుని గుండు విసిరే పోటీల్లో పతకాలు అలా వచ్చినవే.

మొదటిసారి వేదిక ఎక్కినప్పుడు ప్రసంగం మా కోచ్ గారు రాసిచ్చారు. రాయి మోశాడంటే ఎవరు ఏడుస్తారమ్మా అని, ఆ తాడును కాగితం మీద బుట్ట నుంచి విప్పి ఇంటి గుంజకు కట్టారు. నాన్న నన్ను కట్టేసి పోడు పనికి పోయేవాడని, నేనే తెంచుకుని పాక్కుంటూ బడికి వచ్చానని. అబద్ధమని తెలిసీ చదివాను. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది, ఆ చప్పట్లకు నేను లొంగిపోయాను, దాచడమెందుకు.

తరవాత ఆ కథ విని అధికారులు కళ్ళు తుడుచుకుని సంతకాలు పెట్టారు. బడుల్లో ర్యాంపులు వచ్చాయి, కొండ మీది పిల్లలకు మూడు చక్రాల బళ్ళు వచ్చాయి. ఇప్పుడు నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకుంటే రేపు ఆ పిల్లల కష్టం ఎవరు నమ్ముతారు? ఎటూ కదలలేకపోయాను. ఒకసారి పాడేరు సభకు నాన్న చెప్పకుండా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. జీపులో తిరిగొస్తూ సగం దారిలో అడిగాడు.

"ఏటే గుంటా, నానెప్పుడు నిన్ను గుంజకి కట్టీసినాను?"

పిల్లల కోసం నాన్నా, అన్నాను. ఆయన, "అయితే సెప్పు. నాకేటి పోద్ది," అన్నాడు. మళ్ళీ ఏ సభకూ రాలేదు.

నాన్న పోయిన రోజున, ఫోన్లో నా ప్రసంగాలు చూస్తూ పెరిగిన పక్క ఊరి అమ్మాయి ఒకతె తన మూడు చక్రాల బండి మీద వచ్చి, అంత పని చేసిన తండ్రి కోసం కూడా ఏడుస్తున్నావా అక్కా, ఎంత మంచి మనసు నీది అంటూ నా చేయి పట్టుకుంది. అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు.

ఇప్పుడు మా ఊరి దాకా తారురోడ్డు పడింది, ఆటోలు గుమ్మం ముందే ఆగుతున్నాయి, కావడి ఎత్తే అవసరం ఎవరికీ లేదు. నాన్న నన్ను మోయగా చూసిన ముసలివాళ్ళు ఊళ్ళో ఇంకా ఇద్దరే మిగిలారు. వాళ్ళు కూడా పోతే, ఆయన ఎలాంటివాడో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.