మా స్లాబు కార్చిన కారం

మేము కోడళ్ళుగా అడుగుపెట్టిన రోజుల్లో ఇల్లంటే పాడిగేదె లాంటిది. ఏటా వానలకు ముందు దాని ఒళ్ళంతా తడిమి చూడాల్సిందే. చూరులో కుళ్ళిన తాటాకు లాగాలి, వాసాలు తట్టి చెద చూడాలి, తేళ్ళను దులపాలి (అవి మన మీద పడకుండా దులపడం ఒక విద్య, నాకు రాలేదు). ఇప్పటివాళ్ళు ఫోన్ చేస్తే ఎవడో వచ్చి చూసిపోతున్నాడు. ఎవడో చూసిపోయిన ఇంటి మీద నాకు నమ్మకం లేదు. నేనే చూసిన ఇంటిని ఎంతవరకు నమ్మొచ్చో కూడా ఒకసారి తెలిసొచ్చింది, అది చెబుతాను.

మాకు కాలనీలో స్లాబు ఇల్లు వచ్చింది. అంతకు ముందటి ఎండాకాలం మా వెనక వరసలో గుడిసెలు కాలిపోయాయి. అప్పటినుంచి తాటాకు కింద నాకు కంటి మీద కునుకు లేదు. ఎప్పుడెప్పుడు స్లాబు కిందికి పోదామా అని ప్రాణం కొట్టుకునేది. మా అత్త కదిలితేగా! "రాతి కింద ఎటూ పడుకోబెడతారు గదే, బతికుండగా తొందరేంది?" అనేది. తల్లి రానిదే తానూ రానని మా ఇంటాయన. పోరగా పోరగా చివరికి అత్త ఒక మాట మీదికి వచ్చింది. "పైన నీళ్ళు కట్టు. నేను కింద పీటేసుకుని కూర్చుంటా. ఒక్క చుక్క రాలిందా, ఇంక ఆ ఇంటి ఊసెత్తమాక."

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు గానీ, చీపురు పడితే పేటలో నన్ను మించినది లేదని పేరు. స్లాబంతా ఊడ్చాను, నీళ్ళు పోయే గొట్టంలో పాతగుడ్డ కుక్కాను, బిందెలతో మోసి చీలమండ మునిగేదాకా నింపాను. ఒక్కటే మర్చిపోయాను. కూలి కింద వచ్చిన మిరపకాయలు ఇల్లొచ్చిన ఏడు ఎండాకాలమంతా ఎండబెట్టింది ఆ స్లాబు మీదే. గింజా పొడీ పగుళ్ళలోకి దిగి కూర్చున్నాయి. ఆ పగుళ్ళదాకా నా చీపురు పేరుప్రతిష్ఠలు చేరలేదు.

కిందనుంచి కేక. "యేసయ్యా! కళ్ళు పోయినయ్యే!"

పరుగున దిగాను. చుక్క ఎక్కడ పడుతుందా అని అత్త తలెత్తి చూస్తూ కూర్చుందట, అది సూటిగా కంట్లోనే పడింది. రెండో కన్ను నలుపుకున్న చేతి పుణ్యం.

"కారిందా అత్తా?" అన్నాను (ఎంత తెలివి!).

"కారడం కాదే, కారమే! తాటాకు కారితే నీళ్ళు కారతయ్. నీ స్లాబు పులుసు కారతా ఉందే!"

నా ఆశ అక్కడితో అడుగంటిందనుకున్నాను. ఆ కేక పేటంతా విన్నది. సాయంత్రానికల్లా అది, కోడలు అత్త కళ్ళల్లో కారం కొట్టిందన్న కబురైంది. పంపు దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి బిందెలు పక్కకు జరుపుకున్నారు. మర్నాడు పాస్టరమ్మ గారు బైబిలు చంకన పెట్టుకుని నాకు బుద్ధి చెప్పడానికి వచ్చారు. "ఏమ్మా, పెద్దామె కదా, కాస్త ఓర్చుకోకూడదా?"

నేను నోరు తెరిచేలోపే అత్త లేచింది, ఎర్రటి కళ్ళతోనే. "ఎవరన్నారండీ? నా కోడలికి కారం నోట్లో ఉంది గానీ చేతిలో లేదు. రండి, చూపిస్తా!" అని ఆవిడ రెక్క పట్టుకుని స్లాబింటికి లాక్కెళ్ళి, పైన ఎర్రటి మరక చూపించింది. పాస్టరమ్మ గారు తెలివైన మనిషి. రెండడుగులు వెనక్కి జరిగి మరీ తలెత్తారు.

అయినా పేట నోరు మూతపడలేదు. "ఇప్పుడు నేను రానంటే, కోడలు కొట్టింది నిజమే, అందుకే ఆ గడప తొక్కడం లేదంటారు గదే!" అని రుసరుసలాడుతూ, మా ఇంటాయన పగుళ్ళలో సిమెంటు పూడ్చగానే అత్త తన మంచం తెచ్చి నడింట్లో వేసుకుంది. కారి గెలిచిన స్లాబు ఈ చుట్టుపక్కల మాదొక్కటే అయ్యుంటుంది.

తొలి వాన ఒక మధ్యాహ్నం దంచికొట్టింది. చుక్క రాలలేదు. "చూశావా అత్తా!" అన్నాను గర్వంగా.

"చూసేదేందే? పడతా ఉందో ఆగిందో చెవికి తెలవట్లా" అని, పోయి గుమ్మంలో కూర్చుంది. తాటాకు మీద వాన ఎంత మోత మోగేదో అప్పుడు గుర్తొచ్చింది గానీ, చాదస్తమనుకుని నవ్వుకున్నాను.

ఇప్పుడు మా స్లాబు మీద ఇంకో స్లాబు లేచింది. వానొస్తోందని కోడలు చెబితే తప్ప నాకు తెలియదు. చెప్పగానే లేచి గుమ్మంలోకి పోతాను. "జల్లు కొడుతోంది, లోపలికి రండి అత్తయ్యా" అంటుంది ఆ పిల్ల.

"కొట్టనీ" అంటాను, చెవి బయటికి పెట్టి.