తాగకుండా నేర్పిన నల్ల బీరు

అశోక్‌నగర్‌లో హాస్టల్ గది, టీ కొట్టు, రీడింగ్ రూమ్ మధ్య నా ఇరవైలు గడిచిపోతున్న ఆ కాలంలో, నోట్సు రాయలేని విషయమంటూ లోకంలో ఉండదని గట్టిగా నమ్మేవాణ్ణి. రాసిన ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలేవీ నెగ్గలేదు గానీ (ఆ సంగతి ఏ నోట్సులోనూ రాయలేదు) హాస్టల్లో అందరూ నన్ను 'నోట్సన్న' అనేవారు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి, తెలియదు అనే మాటే మానేశాను.

నా రూమ్మేట్ కెమిస్ట్రీ చదివాడు కాబట్టి వాణ్ణి 'ల్యాబు' అని పిలిచేవాళ్లం. నాలాగే చుక్క ముట్టనివాడు. వాడికి నగర శివార్లలో బీరు తయారుచేసే ఒక చిన్న కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆ ఉద్యోగం దొరక్కపోతే ఊరికి వచ్చేసి కిరాణా కొట్లో కూర్చోమని వాళ్ల నాన్న ఖరాఖండిగా చెప్పేశాడు.

"అన్నా, నల్ల బీరు గురించి అడుగుతరంట. నువ్వెప్పుడన్న తాగినవా?"

"ఏందిరా గట్ల అడుగుతవ్? మస్తు సార్లు!" అన్నాను.

మూడు రోజులు మేడ మీద ట్యాంకు నీడలో కూర్చుని, ఫోన్ చూస్తూ వాడికోసం నోట్సు రాశాను. ఎదురుగా ఎండకు చిక్కడపల్లి మిద్దెలన్నీ మండుతుంటే, నేను మాత్రం జర్మనీలోని బవేరియాలో తిరిగాను. అక్కడ ఒకప్పుడు బార్లీ మొలకలను మంట మీద ఆరబెట్టేవారట, అందుకే బీరుకు ఆ ముదురు రంగు. చల్లని నేలమాళిగల్లో నెలల తరబడి దాన్ని నిద్రపుచ్చేవారట. రొట్టె పైపెంకు, వేయించిన గింజలు, లీలగా చాక్లెట్ రుచులు... రాస్తూ రాస్తూ నాకే నోరూరింది. చివరికి ఒక్క సందేహం మిగిలింది: మత్తెంత? వెతకడానికి బద్ధకమేసి, 'నలుపు పెరిగితే మత్తు పెరుగును' అని రాసి, కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీశాను.

ఇంటర్వ్యూలో వాడి ముందు రెండు గ్లాసులు పెట్టారు, ఒకటి నల్లది, ఒకటి బంగారు రంగుది. రెండూ చప్పరించి దేంట్లో మత్తెక్కువో చెప్పమన్నారు. సాయంత్రం నారాయణగూడ బస్టాప్‌లో దిగి వాడన్న మాట ఇప్పటికీ గుచ్చుతుంది: "నల్లది తేలికగ అనిపించిందన్నా. కానీ నువ్వు ఎర్రసిరాతోని గీసినవ్ గద. నోట్సే నిజమనుకోని నల్లదే అని చెప్పిన, కొలువు పోయింది."

"వాళ్లే గ్లాసులు మార్చి ఉంటరు," అన్నాను. అబద్ధం మీద అబద్ధం. వారంలో వాడు పెట్టె సర్దుకుని ఊరికి, నాన్న కిరాణా కొట్టుకి వెళ్లిపోయాడు. నా తప్పని ఒప్పుకోవడానికి ఒక్క నిమిషం చాలు. నాకు పదేళ్లు పట్టింది.

పోయిన నెల ఆఫీసువాళ్లతో వెళ్లి మొదటిసారి నల్ల బీరు తాగాను. మెత్తగా, కాస్త తియ్యగా, ఎవరినీ నొప్పించని మనిషిలా ఉంది. రెండో గుక్క తాగకుండానే గ్లాసు పక్కన పెట్టాను. బయటికొచ్చి ల్యాబుకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను.

అవతల కొట్లో తక్కెడ చప్పుడు, దాని మీదుగా వాడి నవ్వు.

"గ్లాసులు మార్చిన్రని నువ్వన్నప్పుడే నాకు తెలిసిందన్నా, నువ్వు తాగలేదని. తాగినోడు గంత మంచిగ రాస్తడా?"

"మరి ఎందుకు అడగలేదురా?"

"అడిగితే నీ మొఖం చూడలేకపోతుంటి. సరే గానీ, నిజంగ ఎట్లుంటదన్నా?"

చెప్పబోయి ఆగాను. "నాకు సరిగ్గా తెలియదురా," అన్నాను. నలభై ఏళ్లు దగ్గరపడుతున్న నోటికి ఆ మాట కొత్తగా, హాయిగా ఉంది.