హద్దు దాటిన హార్మోను

పెళ్లయిన పదకొండేళ్లలో పిల్లల కోసం నా భార్య మింగిన మాత్రలన్నీ పోగేస్తే ఉదయగిరి కొండ పక్కన దానికి తమ్ముడిలా ఇంకో కొండ లేచేది. నేను మింగింది మాత్రం టీలే. సోమవారం నెల్లూరులో ఆమెకు కడుపులో గొట్టం పెట్టి చూసే ఆపరేషన్. దానికి ముందు భర్త పరీక్షలూ కావాలన్నారు కాబట్టి, గత్యంతరం లేక, ఆత్మకూరు వచ్చి రక్తంతో పాటు ఇవ్వాల్సిందంతా ఇచ్చి వెళ్లాను.

శనివారం రిపోర్టు చేతికొచ్చింది. మొదటి పేజీలో మగ హార్మోను అంకె పక్కన 'ఎక్కువ' అని చుక్క గుర్తు. బడిలో నాకెప్పుడూ దేంట్లోనూ ఎక్కువ రాలేదు. డాక్టరు పిలిచేదాకా ఆగలేక, నన్ను తీసుకొచ్చిన ఆటో స్నేహితుడికి చూపించాను.

"హద్దు దాటిందిరా!"

"ఏందిరా, ఇన్నేళ్లు నీ పక్కనే కూర్చున్నానే, నాకు కొంచెం కూడా అంటలేదే!" అన్నాడు వాడు.

ఉదయగిరిలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. "నేను మొదట్నించీ చెప్తానే ఉండాను, నా కొడుక్కేం తక్కువ!" అని ఆమె వేసిన కేకకు దారిలో ఉన్న మర్రిపాడు గొర్రెలు కూడా మేత మాని తలెత్తి ఉంటాయి. ఆ కేక వెనకాల స్టీలు గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. పెట్టింది నా భార్య.

ఆ చప్పుడు విన్నాక నా కాలు ఊరుకోలేదు. నేను ఊపే ఊపుకి బెంచీ మీద పక్కనున్న ముసలాయన కూడా ఊగిపోయాడు. లేచాను, కూర్చున్నాను, టీ తాగాను, మళ్లీ లేచాను. ఆ పూట ఆత్మకూరులో పాలు అయిపోయాయంటే కారణం నేనే.

డాక్టరు నేరుగా రెండో పేజీ తిప్పాడు. దాన్ని నేను చూడనే లేదు.

"వీర్యకణాలు చాలా తక్కువున్నాయి."

"హార్మోను ఎక్కువుండాది గదా సార్?"

"అదే నా అనుమానం. హార్మోను తయారైతే చాలదు. దాన్ని అందుకునే రిసెప్టర్లు ఒంట్లో ఉంటాయి. మీలో అవి సరిగ్గా అందుకోవడం లేదేమో. అందలేదు కాబట్టి మెదడు ఇంకా తయారు చెయ్యమంటోంది."

అంటే సంగం ఆనకట్ట నీళ్లు కాలువ గట్టు తెంచుకునేలా వస్తున్నాయి, నా చేలోకి దారి మాత్రం తెరుచుకోలేదు. నేనేమో కాలువను చూసి ఊరంతా చాటింపు వేశాను.

"మా ఇంటామెకు ఎల్లుండి ఆపరేషన్ సార్."

"ముందు మీకు జన్యు పరీక్ష చేయిద్దాం. నెల్లూరు డాక్టరుతో నేను మాట్లాడతా. అది తేలేదాకా ఆమె ఆపరేషన్ జోలికి పోనక్కర్లేదు."

ఆటోలో స్నేహితుడికి ముఖం చూపించలేక బస్సెక్కాను. సీట్లు ఖాళీగా ఉన్నా ఉదయగిరి దాకా నిలబడే వచ్చాను. దారంతా ముప్పై రకాల మాటలు అల్లుకున్నాను.

ఇంట్లో ఆమె ఆస్పత్రి సంచి సర్దుతోంది. నైటీలు, దువ్వెన, పళ్లెం. అమ్మ గుమ్మంలో నిలబడి పక్కింటివాళ్లకు నా ఘనత చెబుతోంది. అల్లుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"లోపం నాదేమే. ముందు నాకే ఇంకో పరీక్షంట, నీకు ఇప్పుడు ఆపరేషన్ వొద్దన్నారు," అన్నాను, పక్కింటివాళ్లకూ వినపడేలా.

"ఎక్కువుండాదంటివే!" అంది అమ్మ.

"ఉండాది. ఉండి పని చెయ్యడం లేదంటమ్మా."

నా భార్య నావైపే చూసింది. నవ్వుతుందేమో, ఏడుస్తుందేమో, పళ్లెం విసురుతుందేమో, మూడింటికీ సిద్ధపడ్డాను. ఆమె సంచిలోంచి నైటీలు తీసి మంచం మీద పెట్టింది.

"నీ బనీన్లు ఏడ ఉండాయి?" అంది, సంచి నోరు తెరిచి పట్టుకొని.