పొయ్యి వెలిగిస్తే బ్యాటరీ నిండే ఇల్లు

ఉద్యోగ విరమణకు ఏడాది ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, నన్ను దంతెవాడ నుంచి కోంటా వైపున్న గొల్లపల్లికి పంపారు. అప్పటికి నేను జగదల్‌పూర్‌లోని ఒక సోలార్ కాంట్రాక్టు సంస్థ తరఫున దంతెవాడలో సీనియర్ కమిషనింగ్ ఇంజనీరుని. కమిషనింగ్ అంటే, బిగించేవాళ్లు పరికరాలు బిగించి వెళ్లిపోయాక, అవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించి రిపోర్టు కింద దస్తఖత్ పెట్టే పని. ఎవడు చేసిన తప్పయినా చివరికి దస్తఖత్ పెట్టినవాడి మెడకే చుట్టుకుంటుంది. అందుకే నాకు నోటి దురుసు ఎక్కువని ఆఫీసులో అనేవారు. నేను కాదనలేదు.

మా నాన్న విజయనగరం వైపు నుంచి కిరండూల్ లైను మీద రైల్వే ఉద్యోగానికి వచ్చాడు. నేను రైల్వే క్వార్టర్స్‌లోనే పుట్టాను. ఇంట్లో మా ఉత్తరాంధ్ర మాట, ఆఫీసులో హిందీ, బజారులో హల్బీ. సుక్మా దాటి కోంటా వైపు దిగితే మళ్లీ తెలుగు వినపడుతుంది గానీ, అది భద్రాచలం తెలుగు. నా ‘ఏటి’కి వాళ్లు నవ్వేవారు, వాళ్ల ‘ఏంది’కి నేను నవ్వేవాడిని.

గొల్లపల్లిలో ముత్తయ్య మాస్టారని ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ఉన్నారు. ఆయనకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కుకు అందించే మిషను మీద రోజుకి పదహారు గంటలు ఉండాలి. ఆ మిషను కరెంటుతో నడుస్తుంది. వానలు పడ్డాయంటే ఆ ఊళ్లో బిజిలీ ఎప్పుడు పోతుందో, పోయినది ఎన్నాళ్లకి వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకని భద్రాచలంలో ఆయన్ని చూసే డాక్టరమ్మ ఒక షరతు పెట్టింది. వానలు మొదలయ్యేలోగా, ఇంట్లో ఆ మిషను ఆగదని ఇంజనీరు రాసివ్వాలి. లేదంటే మాస్టారు ఊరు వదిలి, ఆసుపత్రి పక్కన గది తీసుకుని, బతికినన్నాళ్లూ అక్కడే ఉండాలి. మాస్టారికి అది సుతరామూ ఇష్టం లేదు. “ఆ గదిలో ఫ్యాను వంక చూస్తూ బతికే బతుకు నాకొద్దు సారూ” అని మొదటి రోజే చెప్పారు. అంటే ఆయన ఇంట్లో ఉండాలా వద్దా అన్నది నా దస్తఖత్ మీద ఉందన్నమాట. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ఇప్పుడు చెప్పబోయే నిర్వాకం చేశాను.

ఇంటి వెనక రేకుల గదిలో రెండు ఇన్వర్టర్లు, ఒక పెద్ద లిథియం బ్యాటరీ పెట్టారు. హాల్లో గోడకి ఒక ఆటోమేషన్ పెట్టె, దానికి అరచేయంత తెర. ఆ పెట్టె చేయాల్సింది ఒక్కటే పని. బ్యాటరీలో ఎంత శాతం ఉందో ఇన్వర్టరుని అడిగి, ఊరి కరెంటు ఉన్నా లేకపోయినా, నలభై కంటే తగ్గితే కూలరు, ఫ్రిజ్, బోరు మోటారు ఆపేయాలి. ముప్పై కంటే తగ్గితే ఆక్సిజన్ మిషను తప్ప ఇంట్లో అన్నీ ఆపేయాలి. పెట్టె, ఇన్వర్టరు మాట్లాడుకునే పద్ధతి పేరు మోడ్‌బస్. రెండు సన్నని తీగల మీద నడిచే చాలా పాత పద్ధతి. పెట్టె ఒక నంబరు చెప్పి అడుగుతుంది, ఇన్వర్టరు ఆ నంబరు గడిలో ఉన్న అంకెను చెబుతుంది. ఆ అంకె దేనిదో మాత్రం చెప్పదు. ముప్పై ఎనిమిది అంటుంది, అంతే. అది శాతమా, వోల్టులా, ఇంకేమైనానా అన్నది మనమే పుస్తకం చూసి తెలుసుకోవాలి.

ఆ రెండు తీగలతో నా తల ప్రాణం తోకకొచ్చింది. తీగలకి ఏ, బి అని పేర్లు. ఇన్వర్టరు కంపెనీ ఏ అన్నదాన్ని పెట్టె కంపెనీ బి అంటుంది. ఇది మా వృత్తిలో అందరికీ తెలిసిన దరిద్రమే, అయినా ప్రతిసారీ ఒక పూట మింగుతుంది. అది సరిచేశాక చూస్తే, ఇన్వర్టర్లు రెండూ ఫ్యాక్టరీ నుంచి ఒకటో నంబరు చిరునామాతోనే వచ్చాయి. పెట్టె ఒకటో నంబరుని పిలిస్తే రెండూ కలిసి పలుకుతాయి, ఒక్క ముక్కా అర్థం కాదు. రెండోదానికి చిరునామా మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆపైన పెట్టెలో ఆ ఇన్వర్టరు గడుల జాబితా సిద్ధంగా ఉంది గానీ, అందులో అన్నీ ఉండి అసలు కావలసిన బ్యాటరీ శాతమే లేదు! పుస్తకం తిరగేసి, ఆ గడి నంబరు నా చేత్తో నేనే ఎక్కించాను. తెర మీద ముప్పై తొమ్మిది అని వచ్చింది. సాయంత్రానికి నలభై నాలుగైంది, మర్నాడు పొద్దున్నకి ముప్పై నాలుగుకి దిగింది. పగలు ఎక్కుతోంది, రాత్రి దిగుతోంది. సోలార్ బ్యాటరీ చేయాల్సిన పని అదే కదా అనుకుని తాత్కాలిక రిపోర్టు రాసి జీపెక్కాను.

మే నెల నడిమికి మాస్టారి భార్య నాగమ్మ ఫోను చేసింది. అంకె ఎప్పుడూ నలభై అయిదు దాటట్లేదట. సాయంత్రం చీకటి పడితే కూలరు ఆగిపోతుందట, మళ్లీ మర్నాడు పదకొండింటికి గానీ తిరగట్లేదట. మాస్టారికి ఉక్కపోత పడదు, ఆయాసం ఎక్కువవుతోంది. నేను పళ్లు నూరుకుంటూ మళ్లీ వెళ్లాను. ముందు ప్యానెళ్ల మీద దుమ్మని అనుమానించి ఇంటి కప్పెక్కి కడిగించాను. తరవాత నీడ పడుతోందని పెరట్లో ఇప్ప చెట్టు కొమ్మలు రెండు కొట్టించాను. ఏటా ఇప్ప పువ్వు ఏరుకుని అమ్ముకునే ఊళ్లో ఆ కొమ్మ కొట్టమంటే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో నాకు తెలియనిది కాదు. నాగమ్మ కాసేపు ఆ కొమ్మల వంక చూసి, “ఆయన కోసమే కదా, కొట్టండి” అంది.

అయినా అంకె కదల్లేదు. ఇంక నాకు దొరికింది వాళ్లే. “ఏటమ్మా, మిక్సీ ఎన్నిసార్లు తిప్పుతున్నారు? ఫ్రిజ్‌లో ఏం పెట్టారు? టీవీ పొద్దస్తమానం ఎందుకు?” అని నిలదీశాను. ఫ్రిజ్ ఆపించాను. కూలరు పగటి పూట కూడా రెండు గంటలకు మించొద్దని ఆజ్ఞ జారీ చేశాను. నేను సామాను సర్దుకుంటుంటే నాగమ్మ దగ్గరికొచ్చి, మెల్లగా ఒక మాట చెప్పింది.

“సారూ, పొయ్యి మండితే అంకె పెరుగుతది.”

రేకుల గదికి బయట, ఆ రేకు గోడకే ఆనించి, నీళ్లు కాచుకునే కట్టెల పొయ్యి ఉంది. అది వెలిగిస్తే బ్యాటరీ నిండుతోందని ఆవిడ చెబుతోంది. నేను పగలబడి నవ్వాను. “అమ్మా, నువ్వు కనిపెట్టింది ఢిల్లీకి రాసి పంపు, సోలార్ ప్యానెళ్లు మానేసి అందరూ కట్టెలు కొట్టుకుంటారు” అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. రిపోర్టులో ‘కారణం’ అన్న చోట ‘ఇంటివారి అతి వాడకం’ అని రాసి, ఒక ప్రతి డాక్టరమ్మకి పంపాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉందని ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు.

డాక్టరమ్మ ఆ రిపోర్టు చదివి తేల్చేసింది. ఇంట్లో బ్యాటరీ సగం కూడా నిండకపోతే వానాకాలం గడవదు, జూన్ మొదటికల్లా భద్రాచలం వచ్చేయమంది. గది కూడా మాట్లాడారు. చివరిసారి లెక్క చూసి ఫైలు మూసెయ్యమని జగదల్‌పూర్ నుంచి మా మేనేజరు సాబ్ ఆర్డరు. రెండోసారి వెళ్లిన పదమూడు రోజులకి, ముందురోజే కోంటా చేరుకుని, పొద్దున్నే గొల్లపల్లిలో దిగాను. గుమ్మం పక్కన ట్రంకు పెట్టె, చాప చుట్ట, ఆక్సిజన్ మిషను అట్టపెట్టె సిద్ధంగా ఉన్నాయి. మాస్టారు మంచం మీద కూర్చుని ముక్కుకు గొట్టంతో, నా వంక చూడకుండా తల పంకించారు.

పెరట్లోకి వెళ్లేసరికి పొయ్యి భగభగ మండుతోంది. దాని మీద గిన్నె లేదు, కుండ లేదు. నాకు ఒళ్లు మండింది.

“ఓలమ్మో! మే నెలలో ఉత్త పొయ్యి మంట పెట్టుకుని కూర్చున్నావేటి? గదిలో బ్యాటరీ ఉంది, తగలబెడతావా?” అని అరిచాను.

నాగమ్మ ఈసారి తగ్గలేదు. “ఉత్తగ కాదు. ఆయనకి ఆయాసమొస్తున్నది, కూలరు కావాలె. మీ అంకె నలభైకి రావాలె. రండి, చూపిస్త” అని నన్ను హాల్లోకి తీసుకుపోయింది. తెర మీద ముప్పై తొమ్మిది ఉంది. ఆవిడ తెర ముందు చేతులు కట్టుకుని నిలబడింది, నేనూ నిలబడ్డాను. కొద్ది నిమిషాలకి అంకె నలభై అయింది. టక్కున చప్పుడై కూలరు తిరగడం మొదలెట్టింది. మాస్టారు కళ్లు మూసుకుని ఆ గాలికి మొహం పెట్టారు. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇలాగే నడిపిస్తున్నానని నాగమ్మ చెప్పింది.

అప్పటికి ఎండ ఇంకా ప్యానెళ్ల మీదికి రాలేదు. ఎండ లేకుండా బ్యాటరీ నిండదు. కట్టెలతో అసలే నిండదు. అయినా అంకె నా కళ్ల ముందే పెరిగింది.

పుస్తకం తీశాను. బ్యాటరీ శాతం ఉన్న గడికి ఆనుకుని, దాని తరవాత ఉన్న గడి ఏదో చూశాను. ‘బ్యాటరీ ఉష్ణోగ్రత’. ఓర్నాయనో అనుకున్నాను. పుస్తకం గడులను ఒకటి నుంచి లెక్కపెడుతుంది, తీగ మీద మాత్రం లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. అందుకని పుస్తకంలోని నంబరులోంచి ఒకటి తీసేసి ఎక్కించాలి. మా వృత్తిలో చేరిన మొదటి నెలలో నేర్పే పాఠం అది. నేనే ఎంతమందికో నేర్పాను. పెట్టెలోని సిద్ధం జాబితాలో ఆ లెక్క సరిగ్గానే ఉంది. నేను చేత్తో ఎక్కించిన ఒక్క గడిలో మాత్రం తీసేయడం మర్చిపోయాను. రెండు నెలలుగా ఆ తెర మీద కనిపిస్తున్నది బ్యాటరీ శాతం కాదు, బ్యాటరీ ఎంత వేడెక్కిందో ఆ డిగ్రీలు. పగలు ఎండకి పెరిగింది, రాత్రి చల్లదనానికి తగ్గింది. వేడి కొలిచే సెన్సరు గుండీని బ్యాటరీకి పొయ్యి వైపునే అతికించింది కూడా నేనే. బ్యాటరీ మీద అసలు శాతం చూపించే చిన్న దీపాలుంటాయి. ఎలుకలు వైర్లు కొరుకుతాయని వాటి మీదుగా రేకు డబ్బా బిగించినవాడినీ నేనే.

ఇన్ని చేసినవాడిని నన్ను నేనే నమ్మలేక, ఒక గోనె సంచి తడిపి గుండీ మీద కప్పాను. అంకె ముప్పై ఏడుకి దిగింది, హాల్లో కూలరు ఆగిపోయింది. సంచి తీసేసి, రేకు డబ్బా ఊడదీశాను. దీపాలన్నీ వెలుగుతున్నాయి. గడి నంబరు సరిచేసి తెర చూస్తే తొంభై ఒకటి. నాగమ్మ నా పక్కనే నిలబడి ఆ అంకె చూసింది.

“ఏంది సారూ, ఇన్నాళ్లూ కరెంటు ఉన్నదా?” అంది.

“ఉందమ్మా. నిండా ఉంది. తప్పు నాదే” అన్నాను.

“మరి ఆయనను ఉక్కపోతల ఎందుకు ఉంచినవు?”

అంతవరకూ నన్ను ‘మీరు’ అన్న మనిషి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అక్కడ ఇంకో సంగతి ఉంది. పొరపాటు దొరక్కుండా వానలు పడి ఉంటే, బ్యాటరీ నిజంగా ఖాళీ అవుతున్నా, పక్కన పొయ్యి మండుతున్నంతసేపూ పెట్టె నలభై దాటిందనే అనుకుని కూలరునీ మోటారునీ తిప్పుతూ ఉండేది. చివరికి ఆక్సిజన్ మిషనే ఆగిపోయేది. ఆ పెట్టె పెట్టింది ఆ మిషను ఆగకుండా ఉండడానికి.

మేనేజరు సాబ్‌కి ఫోను చేశాను. సవరణ రిపోర్టులో ‘సాఫ్ట్‌వేర్ గడ్‌బడ్’ అని రాసేసి ఊరుకోమన్నాడు. కుదరదన్నాను. అలా రాస్తే డాక్టరమ్మ ఆ ఇంటిని ఎందుకు నమ్ముతుంది? గడ్‌బడ్ మళ్లీ రాదని ఏముంది? ‘కారణం’ అన్న చోట ‘కమిషనింగ్ ఇంజనీరు గడి నంబరు తప్పుగా ఎక్కించాడు’ అని నా పేరుతో రాశాను. మూడు రోజులు అక్కడే ఉండి, మెయిన్ కరెంటు ఆపించి, బ్యాటరీని కావాలని ముప్పై కిందకి దింపి, ఆక్సిజన్ మిషను తప్ప అన్నీ ఆగుతున్నాయని గంట గంటకీ రాసి జతచేశాను. డాక్టరమ్మ ఆ కాగితాలు చూసి సరేనంది. ట్రంకు పెట్టె గుమ్మం దగ్గర నుంచి లోపలికి వెళ్లింది. ఆ వానాకాలంలో బిజిలీ చాలాసార్లు పోయింది, మిషను ఒక్కసారీ ఆగలేదు. మాస్టారు ఇప్పటికీ సొంత ఇంట్లోనే ఉన్నారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది రెండు ముక్కలు. తెర మీద కనిపించే అంకె నమ్మదగ్గట్టుగా ఉంటే దాన్నే ఎక్కువ అనుమానించాలి. దేన్ని కొలుస్తున్నామో దాన్ని చేత్తో మార్చి, అంకె దానితో పాటు కదులుతోందో లేదో చూశాకే దస్తఖత్ పెట్టాలి. ఇక రెండోది, ఇంట్లోవాళ్లు చెప్పిన మాట ఎంత వింతగా ఉన్నా, నవ్వే ముందు దాన్ని ఉన్నదున్నట్టుగా రిపోర్టులో రాయాలి. నాగమ్మ మాటని నేను నవ్వకుండా రాసుకుని ఉంటే, ఊపిరాడని ఆ మనిషికి మే నెలలో పదమూడు రోజుల ఉక్కపోత తప్పేది.