ఎదురెదురు గోడల ఇద్దరు

తిరుత్తణిలో మా నేతగాళ్ళ సంఘం హాలుకు తూర్పు గోడ మీద రాట్నం నాయకుడి పటం, పడమటి గోడ మీద మిల్లుల నాయకుడి పటం ఉండేవి. ఇద్దరూ ఒకే స్వాతంత్ర్యం కోసం జైలుకు వెళ్ళినవాళ్ళే. వచ్చే స్వాతంత్ర్యంతో ఏం చెయ్యాలన్న దగ్గర మాత్రం ఇద్దరికీ పొసగలేదు. ఊరూరా వడకాలి, ఏ ఊరి బట్ట ఆ ఊరే నేసుకోవాలి అన్నది తూర్పు గోడ. పెద్ద మిల్లులు, పెద్ద ఆనకట్టలు లేనిదే పేదరికం పోదన్నది పడమటి గోడ.

వాటిని అలా తగిలించింది మా తాత, ఆయన బావమరిది. తాత అంగట్లో మిల్లు గుడ్డ అమ్మేవాడు కాబట్టి మిల్లుల పక్షం. మా ఇంట్లో సిద్ధాంతాలు అరల్లో ఉన్న సరుకును బట్టి ఉండేవి. బావమరిది మగ్గంలో కూర్చునేవాడు కాబట్టి రాట్నం పక్షం. ఏళ్ళ తరబడి కొట్లాడుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. స్వాతంత్ర్య దినాన ఎవరి నాయకుడికి వాళ్ళు దండ వెయ్యకూడదు. అవతలి గోడ దగ్గరికి పోయి, అవతలివాళ్ళ నాయకుడికి దండ వేసి, ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాటైనా నిజమని అందరి ముందూ ఒప్పుకోవాలి. ఆ తరువాతే జిలేబీ. ఆ ఒక్క మాట పెద్దవాళ్ళ గొంతులోంచి ఊడి వచ్చేసరికి జిలేబీ మీది ఈగలు కూడా విసిగి లేచిపోయేవి.

వాళ్ళు పోయాక మా వైపు నుంచి ఆ పని నాది. అటువైపు నుంచి బావమరిది కొడుకు, నాకు మామ. ఆయన ఇప్పటికీ గుంట మగ్గం వదలలేదు. ఏడాదంతా ఆయన మాట ఎవరికీ అక్కరలేదు. ఆ ఒక్క రోజు పడమటి గోడ ముందు నిలబడితే వీధంతా వినేది.

ఈ ఏడాది ఆ ఆనవాయితీనే తీసేశారు. సాయపడింది నేను. ముందే చెప్పేస్తే నా కోపానికి ధర పడిపోతుందని తెలుసు. అయినా చెబుతున్నాను.

సంఘం సెక్రెటరీ నాకు తమ్ముడి వరస. పటాలు పాతబడ్డాయి, నాయకులందరినీ కలిపి ఒకే ఫ్లెక్సు వేయిద్దామన్నాడు. బేరం నాకు అప్పజెప్పాడు. బేరమంటే నాకు ఒళ్ళు తెలియదు. తిరువళ్ళూరుకు రైలెక్కి పోయి, ఫ్లెక్సులు వేసే అంగట్లో మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. రెండుసార్లు లేచి గడప దాటాను, రెండుసార్లూ వెనక్కి పిలిపించుకున్నాను. మామూలు రకం ధరకే మందం రకం ఒప్పించాను, అయిదేళ్ళు రంగు పోదని హామీ కూడా తీసుకున్నాను. అతను కంప్యూటర్లో బొమ్మ చూపించి బాగుందా అని అడిగితే, అంచుకు ఇనుప రింగులు ఊరికే వేస్తావా అని నేను అడిగాను. బొమ్మ చూడలేదు.

స్వాతంత్ర్య దినం ఉదయం హాల్లో రెండు గోడలకూ మేకులు మాత్రమే మిగిలాయి. పటాలు వెనకవైపు, గుండిగలు కడిగే కొళాయి పక్కన ఆనించి ఉన్నాయి. వేదిక మీద నా ఫ్లెక్సు. నాయకులందరూ పెళ్ళి ఫోటోలో వియ్యంకుల్లా నవ్వుతున్నారు. మామ దాని ముందు చాలాసేపు నిలబడి సెక్రెటరీని పిలిచాడు.

"ఏమప్పా, ఈయప్ప ఎడంచేత్తో రాట్నం తిప్పతా వుండాడే. కుడిచేత్తో దారం తీస్తా వుండాడు. ఇట్ల వడికినోడు యాడన్నా వుండాడా?"

"ఇద్దురూ మొగాలు చూసుకుంటా వుంటే బాగుంటాది గదా మామా. అందుకే బొమ్మను అద్దంలో మాదిరి తిరగేసినారు. సుమ్మా ఫోటోనే గదా, వుడు, పోనీ."

ఇన్ని మగ్గాలున్న వీధిలో ఆ చేతులు చూసింది ఆయనొక్కడే. ఇద్దరినీ ఒక మాట మీదికి తేవడానికి ఒకాయన చేతులే మార్చేశారు. నాకు అప్పుడు ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. అంగట్లో పెరిగినవాణ్ణి, నాకు తెలిసింది ఒకటే: సరుకు మీద మనసున్నవాడే గట్టిగా బేరమాడతాడు. మా మగ్గం బతకాలా, మా పిల్లలు వేరే పని నేర్చుకోవాలా అని అంత పెద్దవాళ్ళు మా గురించి కొట్లాడారు. ఆ కొట్లాట చెరిపేసి నవ్వులు అతికిస్తే, మా గురించి మాట్లాడినవాడే లేకుండా పోయాడు.

మామ తన మాట ఎప్పుడని అడిగాడు. ఈసారి అజెండాలో అది లేదని సెక్రెటరీ చెప్పాడు. అప్పటికే ముఖ్య అతిథి మైకులో నాయకులందరిదీ ఒకటే మనసని మొదలుపెట్టాడు. మామ దండ తీసుకుని పడమటి గోడకు పోయి, ఖాళీ మేకుకు తగిలించి, మైకు హోరులోనే అన్నాడు. "మగ్గమోడి బిడ్డకు మగ్గం దప్ప ఇంగో దావ వుండల్లన్నాడు ఈయన. అది నిజం. మా నాయన ఒప్పుకోలా, నేను ఒప్పుకుంటా వుండా."

పక్కన ఉన్న నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. నావైపు తిరిగాడు. "నీ మాట యాడరా, అల్లుడా?"

నా చేతుల్లో అతిథికి కప్పాల్సిన శాలువా పళ్ళెం ఉంది. శాలువా నా అంగడిదే, మిల్లుది. "వుండు మామా, సభ అయినాక చెప్తా" అన్నాను. ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. జిలేబీ ముట్టలేదు.

సభ ముగిశాక సెక్రెటరీ మీద అరిచాను. ఫ్లెక్సు దింపు, పటాలు కడిగి మళ్ళీ గోడలకెక్కించు అన్నాను. వాడికి కోపం కూడా రాలేదు.

"యాల దింపేది అన్నా? అయిదేండ్లు వస్తాదని నువ్వే గదా తెచ్చినావు."

నిజమే. గట్టిదే కావాలని, మధ్యాహ్నం దాకా కూర్చుని మరీ తెచ్చాను.