డిక్కీ మీద వలయం కోసం సెంబవాంగ్ వెళ్లి, ఆంగ్ మో కియోకి పరుగు

జారిన నోటిని సరిదిద్దుకోవడానికి చేసిన ప్రయాణం ఇది. సింగపూర్‌లో పాత అమెరికన్ కార్లు చూడాలనుకునేవాళ్లకి పనికొస్తాయని దారీ, సమయమూ, ఖర్చూ రాస్తున్నాను గానీ, ఆ శనివారం నేను మాత్రం ఏదీ తీరిగ్గా చూసింది లేదు.

అంతకు మూడు వారాల ముందు పాత కార్లవాళ్లంతా ఒకచోట చేరితే నేనూ వెళ్లాను. అక్కడే అప్పన్న అంకుల్ పరిచయమయ్యారు. రెండు తరాల క్రితమే ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. వాళ్లింటి తెలుగులో తమిళ, మలయ్ మాటలు కలిసిపోయాయి: తంబీ అంటే తమ్ముడు, సొల్లడం అంటే చెప్పడం, మకాన్ అంటే భోజనం. షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ల క్రితం తుక్కు కింద పోతున్న ఓ అమెరికన్ కారుని కొనుక్కుని, సెలవురోజుల్లో కూర్చుని సొంతంగా బాగుచేసుకున్నారట. బండి పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. అరవైల మొదట్లోది. ఎగరేసిన కనుబొమల్లాంటి అంచుల కింద హెడ్‌లైట్లు, గేర్లకి డాష్‌బోర్డు మీద బటన్లు, డిక్కీ మూత మీద స్టెప్నీ టైరు దాచినట్టు ఉబ్బిన పెద్ద గుండ్రటి వలయం. దాని కింద టైరూ లేదు, ఏమీ లేదు. ఉత్త అలంకారం.

ఆ కాలపు అమెరికన్ కార్ల మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. యాభైల్లో వెనక రెక్కలు పెంచుకుంటూ పోయారు. అరవైల్లోకి వచ్చేసరికి వాటినేం చేయాలో తోచక తలో పిచ్చి పనీ చేశారు. ఒకరు రెక్కలు మొదలంటా కోసేసి తోక తెగిన బండిని అమ్మారు. ఒకరు హెడ్‌లైట్లని ఏటవాలుగా పెట్టారు, బండికి ఎవరి మీదో కోపం వచ్చినట్టుంటుంది. ఇంకొకరు వెనక అద్దాన్ని లోపలికి వాల్చారు. ఒకరైతే గుండ్రటి స్టీరింగ్‌తో విసుగొచ్చిందేమో, దాన్ని చదరం చేశారు. ఇవన్నీ నేను ముచ్చటపడి చూసేవే. ఆ వలయం మాత్రం నాకు మింగుడుపడలేదు.

మా పాతకార్ల పిచ్చివాళ్లకి ఒక జబ్బుంది. నచ్చనిదాన్ని నచ్చలేదని చెప్పం, ఒరిజినల్ కాదంటాం. నేనూ అదే చేశాను. "ఇది కంపెనీ పని కాదంకుల్. తర్వాత ఏ షెడ్డులోనో అతికించి ఉంటారు. టాయిలెట్ మూత పెట్టి ఎవరైనా కారు అమ్ముతారా?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. అంకుల్ కూడా కొంచెం నవ్వారు. అది చాలదన్నట్టు ఆ రాత్రే అదే మాట ఈ బ్లాగులో రాశాను. ఆ శనివారానికి ముందు గురువారం అంకుల్ ఫోన్ చేసి, "నువ్వు సొన్నదే తంబీ, దాన్ని తీయించేస్తున్నా. శనివారం పొద్దున" అన్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నాకు గర్వంగా అనిపించింది.

శనివారం ఆఫీసులో సర్వర్ పని ఉండి పొద్దున్నే సైన్స్ పార్క్‌కి వెళ్లాను. ఎనిమిదింటికి మెయిల్ తెరిచాను. నా బ్లాగు చదివే ఒకాయన ఆస్ట్రేలియా నుంచి ఆ బండి కొత్తగా అమ్మినప్పటి కేటలాగు పేజీ ఫోటో తీసి పంపాడు. అందులో డిక్కీ మూత, దాని మీద వలయం. రెండూ కలిపి ఒకే రేకు మీద అచ్చు గుద్దినట్టు శుభ్రంగా బొమ్మ కూడా వేసి ఉంది. అతికించింది కాదు, అది పుట్టుకతోనే ఉంది. రేకు ఒకసారి కోశాక మళ్లీ అలాంటిది ఎక్కడ దొరుకుతుంది? అంకుల్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. నాలుగుసార్లు చేసినా అంతే. ఏ షెడ్డుకి తీసుకెళ్తున్నారో నేను అడగనే లేదు. తెలిసింది సెంబవాంగ్‌లో వాళ్ల ఇల్లు ఒక్కటే.

కెంట్ రిడ్జ్ స్టేషన్‌లో ఎనిమిదిన్నరకి రైలెక్కాను. బిషాన్‌లో మారాలి, అక్కడిదాకా సుమారు పాతిక నిమిషాలు. బిషాన్ నుంచి సెంబవాంగ్‌కి ఇంకో పాతిక. మొత్తానికి రెండు మూడు డాలర్లలో అయిపోతుంది, శనివారం పొద్దున కూర్చోడానికి చోటూ ఉంటుంది. నేను మాత్రం తలుపు దగ్గరే నిలబడి, స్టేషన్ వచ్చినప్పుడల్లా ఫోన్ చేస్తూ పోయాను.

స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. తలుపు తీసిన ఆంటీ నా మొహం చూసి కంగారుపడ్డారు. "ఐయో, ఏమయింది తంబీ? ఆయన ఎనిమిదిన్నరకే బయలెల్లినారు. ఫోను ఇదిగో, చార్జింగులో ఉంది. సైలెంటులో పెట్టినారేమో, నాకు ఇనబడలేదు."

"ఏ షెడ్డుకి ఆంటీ?"

"ఆంగ్ మో కియో. ఇండస్ట్రియల్ పార్కులో టాన్ దగ్గరికి. రా, మకాన్ చేసి పో, ఇడ్లీ ఉంది."

అరగంట క్రితం నేను ఆంగ్ మో కియో స్టేషన్ మీదుగానే వచ్చాను. ఇడ్లీ వద్దని, షెడ్డు నంబరు రాయించుకుని, మెట్ల మీద పరుగున దిగాను.

టాక్సీకి ఇరవై డాలర్ల దాకా అయింది. డ్రైవరు డెబ్బైకి దగ్గరలో ఉన్న చైనీస్ పెద్దాయన. ఎందుకంత తొందరని అడిగితే సంగతి చెప్పాను. ఆయన గట్టిగా నవ్వి, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలిస్తూ, "చిన్నప్పుడు మా వీధిలో అలాంటి కారు ఒకటి ఉండేది లా. దాని మొహం చూస్తే భయం. నేను అవతలి పక్కనుంచి నడిచేవాణ్ని" అన్నాడు. కాసేపాగి, "ఆ తర్వాత వచ్చిన కార్లు ఒక్కటీ గుర్తులేవు" అన్నాడు. మామూలుగా అయితే ఆయన్ని ఇంకా మాట్లాడించేవాణ్ని. ఆ రోజు సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ టైము చూసుకోవడమే సరిపోయింది.

పదింటికి షెడ్డు ముందు దిగాను. లోపల రేకు కోసే గ్రైండర్ మోగుతోంది. "ఆపండి! ఆపండి!" అని అరుస్తూ లోపలికి పరిగెత్తాను. టాన్ యంత్రం ఆపి కళ్లద్దాలు పైకెత్తాడు. డిక్కీ మూత మీద వలయం ఎడమ అంచున నాలుగు వేళ్ల పొడవున రేకు తెగి ఉంది.

"ఇది ఫ్యాక్టరీదని నేను రెండుసార్లు చెప్పాను. ఆయనే కోయమన్నాడు" అన్నాడు టాన్, చెయ్యి అంకుల్ వైపు చూపిస్తూ.

అంకుల్ స్టూలు మీద, కారుకి వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. నేను ఫోన్‌లో కేటలాగు పేజీ తెరిచి ముందు పెట్టాను. "తప్పు నాదంకుల్. ఇది ఒరిజినలే. నేను తెలియకుండా వాగాను."

ఆయన దాని వైపు చూడలేదు. "నాకు తెలుసు తంబీ."

"తెలుసా?"

"వెల్డింగు చేసినోణ్ని. కింద చెయ్యి పెడితే అతుకు ఉందో లేదో నాకు తెలీదా? కొన్ననాడే చూసినా." గొంతు తగ్గించారు. "ఇన్నేళ్లు ఎక్కడికి తీసుకెళ్లినా ఇదే నవ్వు. ఇంజను ఎట్లా బాగుచేసినావని ఒక్కడు అడగడు. నువ్వు చదువుకున్నోడివి, అతికించిందని నలుగురిలో సొన్నావు. సరే, ఆ మాట పట్టుకుని తీసేస్తే ఈ నవ్వు పోతాదిలే అనుకున్నా."

ఆ రోజు నలుగురితో పాటు ఆయన నవ్విన నవ్వు గుర్తొచ్చి తల తీసేసినట్టయింది.

ఆయన మొదటిసారి నా కళ్లలోకి చూశారు. "ఇప్పుడు నిజం సొల్లు. ఇది నీకు బాగుందా?"

బాగుందని ఒక్క మాట అంటే అయిపోయేది. మా తెలుగు అర్థం కాకపోయినా టాన్ కూడా అదే అనమన్నట్టు చూస్తున్నాడు. కానీ ఒకసారి నాకు తోచిందానికి తొడుగు వేసి మాట్లాడినందుకే కదా ఆ రేకు తెగింది.

"బాగాలేదంకుల్. ఇప్పటికీ నచ్చలేదు. కానీ ఎవరో ఒకాయన నాలాంటివాళ్లు నవ్వుతారని తెలిసి కూడా దీన్ని గీశాడు. కోయకండి. నాకు నచ్చకపోతే పోనీండి, ఉండనీయండి."

టాన్ గ్రైండర్ చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. చివరికి అంకుల్ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచారు. "బాగుందని అబద్ధం సొన్నోళ్లు శానామంది ఉన్నారు," అన్నారు, "బాగాలేదు, అయినా ఉండనీ అన్నోడివి నువ్వొక్కడివే." టాన్ దగ్గర వెల్డింగ్ గన్ అడిగి తీసుకున్నారు. నాకు చేతి తొడుగులు, ఓ రాగి పలక ఇచ్చి, పలచటి రేకు కరిగి చిల్లు పడకుండా కిందనుంచి అదిమి పట్టుకోమన్నారు. ఒక చుక్క పెట్టడం, రేకు చల్లారేదాకా ఆగడం, ఇంకో చుక్క పెట్టడం. నాలుగు వేళ్ల గాటుకి ముప్పావుగంట పట్టింది. పైభాగాన్ని టాన్ నున్నగా రుద్దాడు. లోపలి వైపు మాత్రం రుద్దొద్దని అంకుల్ చెప్పారు.

ఆ రోజు నుంచి ఆలోచిస్తున్నాను. అభిప్రాయం చెప్పే హక్కు నాకుంది, ఆ బండి ఇప్పటికీ నా కంటికి వింతగానే ఉంది. కానీ నా ఇష్టాయిష్టాల్ని చరిత్రలాగా, నిజంలాగా రాసినప్పుడు, అవతల ఎవరో దాన్ని పట్టుకుని గ్రైండర్ దాకా వెళ్తారని ఎన్నడూ అనుకోలేదు. పాత టపా తీసేయలేదు. పైన తప్పు ఒప్పుకుంటూ నాలుగు వాక్యాలు చేర్చాను.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క సలహా. పాతకాలపు బండ్లకి ఏడాదిలో కొన్ని రోజులే రోడ్డెక్కే అనుమతి కాబట్టి, యజమానిని ముందే అడిగి ఆయన బండి తీసే రోజే వెళ్లండి. చూశాక వెంటనే ఏమీ అనకండి. అడిగి డిక్కీ తెరిపించి, మూత కింద మెల్లగా చెయ్యి పోనిచ్చి చూడండి. అంకుల్ బండి అయితే రేకంతా ఒక్కటిగా, నున్నగా తగులుతుంది. ఎడమ అంచున మాత్రం నాలుగు వేళ్ల పొడవున గరుకుగా ఒక గీత తగులుతుంది. అది కంపెనీ చేసింది కాదు, నేను చేసింది.