మా మామ ఆపిన పెళ్లి

పోయిన వారం మా మామ పోయాడు. ఉప్పల్‌లో బస్సు దిగి నడుస్తూ నడుస్తూనే కూలబడ్డాడట. దవాఖానాకు తీసుకెళ్లేసరికే ప్రాణం లేదు. నాకు ఆయన మేనమామ, ఆపైన భర్త తండ్రి. కబురు చెబుదామని ఫోన్ చేస్తే ఒక బంధువు, "గా పెండ్లి చెడగొట్టినాయనేనా?" అని అడిగాడు. ఇన్నేళ్లు బతికిన మనిషికి మావాళ్లు మిగిల్చిన పేరు అది. అది ఎలా వచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా ఇళ్లలో పిల్ల ఉయ్యాలలో ఉండగానే ఫలానా బావకు అని అనేసుకుంటారు. నన్ను మామ పెద్దకొడుక్కి ఇచ్చారు, మా చెల్లిని చిన్నకొడుక్కి అనుకున్నారు. నాకు కొడుకు పుట్టాడు. నెలలు గడిచేకొద్దీ వాడు తెల్లబడుతూ వచ్చాడు. చుట్టాలంతా మురిసిపోయారు. "మన ఇంట్ల ఎవరికీ లేని రంగు, దొరబిడ్డ లెక్కున్నడు" అని మా అమ్మ దిష్టి తీసేది. పొట్ట ఎత్తుగా ఉంటే పాలు ఒంటబట్టాయన్నారు. నాచారం ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చిన మామ ఒకరోజు వాడి కింది రెప్ప లాగి చూశాడు.

"ఇది రంగు కాదు బిడ్డా. వీని ఒంట్ల నెత్తురు లేదు. నడు, దవాఖానాకు పోదాం."

తలసేమియా అన్నారు. ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు, బతికినన్నాళ్లూ ఎక్కిస్తూనే ఉండాలి. తల్లిదండ్రులిద్దరిలో లోపం ఉంటేనే బిడ్డకు ఈ జబ్బు వస్తుందని, ఆ లోపం మోసేవాళ్లకు పైకి ఏమీ తెలియదని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ చెవిన పెట్టలేదు, గ్రహచారం అంది. మామ విన్నాడు.

షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడి తోటివాళ్లను రక్తం ఇమ్మని అడిగేవాడు. నాకు చిన్నతనంగా ఉండేది. "అడిగితే ఏం బోతది? ఇచ్చేటోడు ఇస్తడు" అనేవాడు. రక్తం ఎక్కించిన సాయంత్రం వాడి గోరు నొక్కి వదిలి, ఎరుపు తిరిగి రావడం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించేవాడు. వాళ్లు తల ఊపి, టీ తాగి, బయటికెళ్లి నన్ను ఆడిపోసుకునేవాళ్లు. బాబు రెండో పుట్టినరోజు చూడలేదు. వానాకాలంలో జ్వరం వచ్చింది, తగ్గలేదు.

ఏడాది తిరక్కుండానే చెల్లి పెళ్లి మాట ఎత్తారు. మామ ముందు తను పరీక్ష చేయించుకున్నాడు, తర్వాత చిన్నకొడుక్కి చేయించాడు. ఇద్దరికీ లోపం ఉంది. ఆ సంగతి దాచుకోకుండా రామంతాపూర్‌లో మా అమ్మావాళ్లింటికి వచ్చి అందరి ముందూ చెప్పాడు.

"నా నెత్తురులనే ఉంది. పిల్లకు గూడ పరీక్ష చేయించుర్రి. ఆమెకు లేదంటే రేపే లగ్గం పెట్టుకుందాం."

అమ్మ మండిపడింది. "నా బిడ్డకు రోగం అంటగడ్తవా అన్నా?"

"రోగం అంటలేను చెల్లె. పుట్టేటోళ్ల కోసం అడుగుతున్న."

"నలుగురికి తెలిస్తే మా మర్యాద ఏంగావాలె?"

"మర్యాద కోసం పిల్లల్ని కంటమా?"

పెళ్లి ఆగిపోయింది. ఆ ఏడు మామ అమ్మకు ఒడిబియ్యం పోయడానికి వెళ్లాడు. పుట్టింటివాళ్లు ఆడబిడ్డ కొంగులో బియ్యం పోసే వేడుక అది, కాదనే ఆడది ఉండదు. అమ్మ కొంగు పట్టలేదు. ఆయన ఆ బియ్యం సంచి ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటోలో తిరిగొచ్చాడు. అత్త ఆ బియ్యం వండబోతే వద్దన్నాడు.

అమ్మ పంతం అక్కడితో ఆగలేదు. తన తమ్ముడి కొడుక్కి, అంటే మామ సొంత తమ్ముడి కొడుక్కే, చెల్లినిచ్చి చేసింది. అదే ఇల్లు, అదే నెత్తురు. పరీక్ష ఊసే లేదు. మామను పెళ్లికి పిలవలేదు. చెల్లి నెల తప్పిందని తెలిసినప్పటి నుంచి ఆయన నన్ను అడిగింది ఒక్కటే, "పరీక్ష చేయించుకున్నదా?" లేదనేదాన్ని. "ఇంక టైమున్నది, జర చెప్పు బిడ్డా" అనేవాడు. నేను చెబితే చెల్లి, "అమ్మ ఒప్పుకుంటలేదక్కా" అనేది. మా అమ్మ మీద నాకు కోపం ఉంది. కన్నతల్లి అని దాన్ని మింగలేను.

మామను ఇంటి ముందు పడుకోబెట్టాక అమ్మ వచ్చింది. అన్న కాళ్లు పట్టుకుని, "నన్ను ఇడిశిపోతివా అన్నా" అని ఏడ్చింది. చూసినవాళ్లు ఎంత ప్రేమో అని కళ్లొత్తుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

కడుపుతో ఉన్నవాళ్లు శవాన్ని చూడకూడదంటారు. చెల్లి వచ్చి గల్లీ చివర ఆగిందని తెలిసి వెళ్లాను. ఆటోలో కూర్చుని ఉంది, పక్కన ఆమె భర్త. ఇంటి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. మోచేతి మడతలో దూది, దాని మీద అంటించిన పట్టీ. భర్త కూడా దండం పెట్టాడు. అతని మోచేతికీ ఉంది.